వీటో తీసేస్తే పోయేదేనా?

మీరడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అందులో మూడున్నాయి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ అనే అయిదు దేశాలకే వీటో, అంటే ఒక్క ఓటుతో తీర్మానాన్ని ఆపేసే అధికారం, ఎందుకు? 193 సభ్యదేశాలూ కలిసి దాన్ని ఎందుకు తీసేయలేకపోతున్నాయి? తీసేయడం కుదరకపోతే భారత్ లాంటి దేశాలకైనా ఇవ్వాలి కదా? ఈ మూడూ అడిగి, చివర్లో విసుగ్గా "ఇంకే అంతర్జాతీయ సంస్థలోనైనా ఇలాంటి దిక్కుమాలిన నిబంధన ఉందా?" అన్నారు. నాకు ఆ చివరి మాటే అన్నిటికంటే పనికొచ్చేదిగా అనిపించింది. ఎందుకంటే ఉంది. చాలా చోట్ల ఉంది, వేరే పేర్లతో ఉంది. వాటిని చూశాకే మొదటి మూడింటికీ సరైన జవాబు దొరుకుతుంది.

నేను అంతర్జాతీయ చట్టం పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఏటా కొత్త బ్యాచ్‌కి ఒక పని ఇస్తాను. "మీరు 1945లో ఉన్నారనుకోండి. ప్రపంచ శాంతి కోసం ఒక సంస్థకు నిబంధనలు రాయండి" అంటాను. మొదటి గంటలో అందరూ ఒక దేశానికి ఒక ఓటు అని రాస్తారు. రెండో గంటలో, "మీ సంస్థ మెజారిటీ ఓటుతో రష్యా మీదో అమెరికా మీదో సైన్యాన్ని పంపాలని తీర్మానించింది. ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. క్లాసు అయ్యేసరికి ఏదో ఒక రూపంలో వీటో తిరిగొచ్చేస్తుంది. ఒకరు దానికి "ప్రత్యేక సమ్మతి" అని పేరు పెడతారు, ఇంకొకరు "భద్రతా షరతు" అంటారు. సరుకు మాత్రం అదే. ఒక్క ఏడాది కూడా దీనికి తేడా రాలేదు.

1945లో ఐరాస నిబంధనావళిని, అంటే చార్టర్‌ను, రాసినవాళ్లకు అంతకుముందున్న నానాజాతి సమితి అనుభవం కళ్ల ముందే ఉంది. అక్కడ ముఖ్యమైన నిర్ణయాలకు అందరి ఒప్పుదలా కావాలి. కాకపోతే తగాదాలో ఉన్న దేశం ఓటును లెక్కలోకి తీసుకోకూడదని ఒక మంచి నిబంధన పెట్టుకున్నారు. మంచూరియాను జపాన్ ఆక్రమించినప్పుడు అది పని చేసింది కూడా. 1933 ఫిబ్రవరి 24న ఓటింగ్ జరిగితే 42 దేశాలు ఒకవైపు, జపాన్ ఒక్కటే ఇంకోవైపు. జపాన్ ఓడిపోయింది. ఓడిపోయి ఏం చేసింది? దాని ప్రతినిధులు లేచి బయటికి నడిచారు, నెల రోజులకు సమితి నుంచే తప్పుకుంటున్నామని చెప్పేశారు. మంచూరియా జపాన్ చేతుల్లోనే ఉండిపోయింది. అదే ఏడాది జర్మనీ కూడా వెళ్లిపోయింది. అమెరికా అసలు చేరనే లేదు. ఓటు గెలిచి సంస్థ ఓడిపోవడమంటే అదీ.

అందుకే యాల్టాలో అమెరికా, బ్రిటన్, సోవియట్ అధినేతలు రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చున్నప్పుడు వాళ్లను వేధించిన ప్రశ్న న్యాయం గురించి కాదు. పెద్ద దేశాలు లోపలే ఉండాలంటే ఏం ఇవ్వాలి అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ బేరాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశంలో చిన్న దేశాలు గట్టిగా ప్రతిఘటించాయి. ఆస్ట్రేలియా విదేశాంగ మంత్రి హెర్బర్ట్ ఎవాట్ ముందు నిలబడి పోరాడాడు. అమెరికా బృందంలోని సెనెటర్ టామ్ కొనాలీ చార్టర్ ముసాయిదా ప్రతిని అందరి ముందూ చించి బల్ల మీద పడేశాడు. వీటోను ఓడించామని మీరు ఇంటికెళ్లి చెప్పుకోవచ్చు, దానితోపాటు చార్టర్‌ను చించేశామని కూడా చెప్పాలి అన్నది ఆయన మాట సారాంశం. బెదిరింపే, అందులో సందేహం లేదు. కానీ ఉత్త బెదిరింపు కాదు. అమెరికా సెనెట్ ఒప్పుకోకుండా నానాజాతి సమితికి ఏ గతి పట్టిందో ఆ గదిలో అందరికీ తెలుసు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ఆ అయిదు దేశాల గొప్పతనానికి మెచ్చి వీటో ఇవ్వలేదు. అది లేకపోతే వాళ్లు వచ్చేవాళ్లు కాదు, వచ్చినా ఉండేవాళ్లు కాదు. ఆ మేరకు బేరం ఫలించింది కూడా. ఈ ఎనభై ఏళ్లలో అయిదింటిలో ఒక్కటీ ఐరాసను వదిలి వెళ్లలేదు. 1950లో సోవియట్ యూనియన్ చైనా సీటు ఎవరిదన్న విషయంలో అలిగి కొన్ని నెలలు మండలికి రావడం మానేసింది. సరిగ్గా అప్పుడే కొరియా యుద్ధం మొదలైంది, సోవియట్ లేని మండలి దక్షిణ కొరియాకు సాయంగా సైన్యం పంపమని తీర్మానాలు చేసేసింది. ఆగస్టు 1న సోవియట్ ప్రతినిధి గబగబా తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆ కుర్చీని అలా ఖాళీగా వదిలిన వాళ్లు లేరు.

ఇక నిబంధనలో ఏముందో ఒకసారి చూద్దాం. వార్తల్లో సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. చార్టర్ 27వ అధికరణంలో "వీటో" అన్న మాటే లేదు. విధివిధానాలకు సంబంధించని తీర్మానం నెగ్గాలంటే 15 మందిలో 9 ఓట్లు కావాలి, అందులో అయిదు శాశ్వత సభ్యుల సమ్మతి ఓట్లు కలిసి ఉండాలి, అంతే. (మొదట్లో మండలిలో 11 మందే, 7 ఓట్లు చాలు. 1965 నుంచి ఈ లెక్క మారింది.) మాటకు మాట పట్టుకుంటే ఓటింగ్‌కు దూరంగా ఉండటం కూడా సమ్మతి కాదు కాబట్టి వీటో కిందికే రావాలి. కానీ మొదటి ఏడాది నుంచే మండలి అలా లెక్కించడం మానేసింది. 1971లో నమీబియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆ ఆనవాయితీనే ఖాయం చేసింది. ఇది చిన్న విషయం కాదు. "నాకు ఇష్టం లేదు, కానీ అడ్డుపడను" అని చెప్పే దారి పెద్ద దేశాలకు దీనివల్లే దొరికింది. అసలు వాక్యాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని ఉంటే మండలి ఇప్పుడు చేసే పనిలో సగం కూడా చేసేది కాదేమో.

ఇంకో మాట. తీర్మానానికి 9 ఓట్లు రాకపోతే అది దానంతటదే వీగిపోతుంది, అప్పుడు శాశ్వత సభ్యుడు వ్యతిరేకంగా వేసినా దాన్ని వీటో అనరు. 2014 డిసెంబరు 30న పాలస్తీనా తీర్మానానికి 8 ఓట్లే వచ్చాయి. అమెరికా వ్యతిరేకించినా లెక్కప్రకారం అది వీటో కాదు. తొమ్మిదో ఓటు పడకుండా చూసుకుంటే వీటో మచ్చ అంటకుండానే పని జరిగిపోతుంది. తెరవెనుక ఒత్తిళ్లన్నీ ఆ తొమ్మిదో ఓటు చుట్టూనే తిరుగుతుంటాయి.

ఎవరు ఎన్నిసార్లు వాడారు? సోవియట్ యూనియన్, రష్యా కలిపి 120 సార్లకు పైగా. అమెరికా 80కి పైగా. బ్రిటన్ సుమారు 30, ఫ్రాన్స్, చైనా చెరో ఇరవై దరిదాపుల్లో. మొదటి వీటో 1946 ఫిబ్రవరిలో సోవియట్‌దే, సిరియా, లెబనాన్‌ల నుంచి బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాల ఉపసంహరణ మీద. అమెరికా 1970 వరకూ ఒక్కసారీ వాడలేదు. మంచితనం వల్ల కాదు, అప్పటిదాకా మండలిలో మెజారిటీ ఎప్పుడూ దానివైపే ఉండేది కాబట్టి అవసరం రాలేదు. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాలు వచ్చి చేరి లెక్క మారాక దానికీ అవసరం పడింది. ఆ తర్వాత అది వేసిన వీటోల్లో సగానికి పైగా ఇజ్రాయెల్‌కు సంబంధించినవే. బ్రిటన్, ఫ్రాన్స్ 1989 తర్వాత ఒక్కసారి కూడా వాడలేదు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

నాకు వీటో మీద ఉన్న కోపం పెద్ద యుద్ధాల దగ్గర కాదు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద తీర్మానాన్ని రష్యా అడ్డుకుంది. 11 ఓట్లు అనుకూలం, మూడు దేశాలు దూరం, రష్యా ఒక్కటే వ్యతిరేకం. సిగ్గుచేటైన దృశ్యమే. కానీ అక్కడ వీటో లేకపోతే రష్యా ట్యాంకులు వెనక్కి తిరిగేవని నేను అనుకోను. అణ్వాయుధాలున్న దేశం మీదికి ఎవరూ సైన్యం పంపరు. నాకు కోపం వచ్చేది చిల్లర విషయాలకు దాన్ని వాడినప్పుడు.

1999లో మాసిడోనియా సంగతి చూడండి. యుగోస్లావియా ముక్కలవుతున్న కాలంలో, గొడవ మొదలు కాకముందే సరిహద్దులో కాపలా ఉండటానికి ఐరాస ఒక చిన్న దళాన్ని అక్కడ పెట్టింది. జబ్బు రాకముందే వేసిన టీకా లాంటిది, ఐరాస చరిత్రలో అరుదైన ప్రయోగం. ఆ జనవరిలో మాసిడోనియా తైవాన్‌ను గుర్తించింది. ఫిబ్రవరి 25న దళం గడువు పొడిగించే తీర్మానం వస్తే చైనా వీటో వేసింది. ఇక అక్కడ ఆ దళం అవసరం లేదన్నది అధికారిక కారణం. నెల తిరిగేసరికి పక్కనే కొసావో యుద్ధం ముదిరి లక్షల మంది శరణార్థులు మాసిడోనియాలోకి వచ్చిపడ్డారు. 1997లో గ్వాటెమాలాదీ ఇదే కథ. 36 ఏళ్ల అంతర్యుద్ధం ముగిసి శాంతి ఒప్పందం కుదిరింది, దాన్ని పర్యవేక్షించడానికి 155 మంది సైనిక పరిశీలకులను పంపాలి. గ్వాటెమాలాకు తైవాన్‌తో సంబంధాలున్నాయని జనవరి 10న చైనా అడ్డుపుల్ల వేసింది. పది రోజుల బేరసారాల తర్వాత దిగొచ్చింది. ఇందులో చైనా ప్రాణానికొచ్చిన ముప్పేముంది? మూడో ప్రపంచ యుద్ధాన్ని ఆపడానికి ఇచ్చిన ఆయుధాన్ని పక్కింటివాడితో పేచీకి వాడుకోవడం ఇది.

సెక్రటరీ జనరల్ ఎంపికా ఇంతే. 1981లో కుర్ట్ వాల్డ్‌హైమ్ మూడోసారి రాకుండా చైనా పదహారుసార్లు అడ్డుకుంది, టాంజానియాకు చెందిన సలీం అహ్మద్ సలీంను అమెరికా అడ్డుకుంది. చివరికి ఇద్దరూ తప్పుకుని పెరూ దౌత్యవేత్త పెరెజ్ దె కుయ్యార్ వచ్చాడు. 1996లో బుత్రోస్ ఘలీకి రెండో అవకాశం ఇవ్వాలని 14 దేశాలు ఓటేస్తే అమెరికా ఒక్కటే కాదంది, అది చాలిపోయింది.

ఇక లెక్కల్లోకి రాని వీటోలు అసలు వీటోల కంటే ఎక్కువ. అడ్డుకుంటారని తెలిసి తీర్మానాన్ని బల్ల మీదికే తీసుకురారు. 1999లో కొసావో మీద నాటో బాంబు దాడులకు మండలి అనుమతి అడగలేదు, రష్యా ఒప్పుకోదని తెలుసు కాబట్టి. 2003లో ఇరాక్ మీద యుద్ధానికి ముందు అమెరికా, బ్రిటన్ తమ రెండో ముసాయిదాను ఓటుకు పెట్టకుండానే పక్కనపెట్టాయి. తర్వాత ఏమైందో తెలుసు కదా. ఆ రెండు సందర్భాల్లోనూ వీటో యుద్ధాన్ని ఆపలేదు. మండలి ప్రమేయం లేకుండా చేసింది, అంతే.

ఇక్కడే మీరు ఒక ఉదాహరణ ఇచ్చారు. జైషే మహమ్మద్ అధినేత మసూద్ అజర్‌ను ఉగ్రవాదుల జాబితాలో చేర్చకుండా చైనా ఏళ్ల తరబడి వీటో వేసింది అన్నారు. నిజానికి అది వీటో కాదు. ఆ జాబితా చూసేది మండలి కింద పనిచేసే ఆంక్షల కమిటీ. అక్కడ ఏకాభిప్రాయం కావాలి, అంటే 15 మందిలో ఎవరైనా ఆపొచ్చు, రెండేళ్ల కోసం వచ్చిన తాత్కాలిక సభ్యుడితో సహా. చైనా అక్కడ "హోల్డ్" పెట్టింది, 2019 మే 1న తీసేసింది. అది రహస్యంగా జరిగేది, బహిరంగంగా చెయ్యెత్తాల్సిన పని లేదు, బయటికి కారణం చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో ఇది వీటో కంటే అధ్వాన్నం. వీటో వేసినవాడి ఫొటో మర్నాడు పత్రికల్లో వస్తుంది. హోల్డ్ పెట్టినవాడి పేరు దౌత్యవేత్తలు చెవిలో చెప్పుకుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు మీరు విసుగ్గా అడిగిన చివరి ప్రశ్న. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో వీటో అన్న మాట ఎక్కడా కనిపించదు. అక్కడ పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని ఓట్లే సుమారు 16.5 శాతం. లెక్క మీరే వేసుకోండి. 2010లో అందరూ ఒప్పుకున్న కోటాల సంస్కరణ అమెరికా కాంగ్రెస్ తలూపే వరకూ ఆగి 2016 జనవరిలో గానీ అమలుకు రాలేదు. ఐరోపా సమాఖ్యలో విదేశాంగ విధానం, పన్నులు, కొత్త సభ్యుల చేరిక లాంటి వాటికి అందరూ ఒప్పుకోవాలి. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టడం హంగరీ ప్రధాని ఓర్బాన్‌కు ఇష్టం లేదు. మిగిలిన 26 మంది నిర్ణయం తీసుకునే సమయానికి ఆయన గదిలోంచి బయటికి వెళ్లాడు. లేనివాడు కాదనలేడు కదా, పని అయిపోయింది. నియమాల పుస్తకంలో లేని ఇలాంటి చిట్కాలే చాలాసార్లు ఈ సంస్థలను నడిపిస్తాయి. నాటోలో స్వీడన్ 2022 మేలో దరఖాస్తు చేసుకుంటే తుర్కియే, హంగరీ దాటి లోపలికి రావడానికి 2024 మార్చి దాకా పట్టింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) కథ మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి, నా వాదనంతా దాని మీదే నిలబడింది. దానికి ముందున్న గాట్ వ్యవస్థలో రెండు దేశాలు గొడవపడితే ఒక ప్యానెల్ విచారించి నివేదిక ఇచ్చేది. కానీ ఆ నివేదికను అందరూ ఒప్పుకుంటేనే ఆమోదించినట్టు. అందరూ అంటే ఓడిపోయిన దేశం కూడా. తన మీద వచ్చిన తీర్పును తానే ఆపుకోవచ్చన్నమాట. 1995లో డబ్ల్యూటీవో వచ్చినప్పుడు దీన్ని చాలా తెలివిగా తలకిందులు చేశారు. నివేదికను తిరస్కరించాలని అందరూ ఒప్పుకుంటే తప్ప అది ఆమోదం పొందినట్టే. గెలిచిన దేశం తన గెలుపును ఎందుకు తిరస్కరిస్తుంది? వీటో ఒక్క దెబ్బతో పోయింది. అప్పట్లో మా మాస్టారు దీన్ని అంతర్జాతీయ చట్టంలో అద్భుతం అనేవారు. నేనూ కొన్నేళ్లు అలాగే పాఠం చెప్పాను.

తర్వాత ఏమైంది? అప్పీళ్లు వినే ఏడుగురు సభ్యుల నియామకానికి మాత్రం పాత ఏకాభిప్రాయ పద్ధతే మిగిలిపోయింది. తీర్పులు నచ్చని అమెరికా ఇక తీర్పును ఆపలేదు కాబట్టి తీర్పరుల నియామకాన్ని ఆపింది. ఒక్కొక్కరి గడువు ముగుస్తూ వచ్చింది. ఒక అప్పీలు వినాలంటే ముగ్గురు కావాలి, 2019 డిసెంబరు 11 నాటికి ఒక్కరే మిగిలారు. అప్పీళ్ల విభాగం అప్పటి నుంచి మూతపడినట్టే. ఓడిన దేశం ఇప్పుడు, వినే దిక్కు లేని ఆ విభాగానికి అప్పీలు చేసి, కేసును అక్కడే వదిలేయొచ్చు. చూశారా, ముందు గుమ్మంలోంచి పంపించిన వీటో దొడ్డిదారిన తిరిగొచ్చింది, ఈసారి ఇంకాస్త బలంగా.

అణు పరీక్షల నిషేధ ఒప్పందంలోనూ అదే జరిగింది. జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సు ఏకాభిప్రాయంతోనే నడుస్తుంది. 1996లో అక్కడ ఆ ఒప్పందాన్ని ఆపింది మన దేశమే. అప్పుడు ఆస్ట్రేలియా దాన్ని అక్కడి నుంచి తీసుకెళ్లి న్యూయార్క్‌లో, అన్ని సభ్యదేశాలకూ ఓటుండే ఐరాస సర్వప్రతినిధి సభ ముందు పెట్టింది. సెప్టెంబరు 10న 158 ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకంగా మూడే. గది మార్చి వీటోను తప్పించారు కదా? కానీ ఒప్పందం అమల్లోకి రావాలంటే పేరుపెట్టి చెప్పిన 44 దేశాలూ ఆమోదించాలని అందులోనే ఒక షరతుంది. ఆ 44లో భారత్ ఉంది. ఒప్పందం ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

క్రికెట్ కూడా చెప్పనా? చెబితేనే మనవాళ్లకు బాగా అర్థమవుతుంది. 1909లో మొదలైన అంతర్జాతీయ క్రికెట్ మండలిలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకు చాలాకాలం వీటో ఉండేది. 1993లో దాన్ని తీసేశారు. న్యాయం గెలిచిందని అందరం సంతోషించాం. తర్వాత ఆటలోకి వచ్చే డబ్బులో పెద్ద వాటా భారత్ మార్కెట్ నుంచి రావడం మొదలైంది. బాల్ ట్రాకింగ్‌తో సహా డీఆర్ఎస్ (అంపైర్ నిర్ణయాన్ని సమీక్షించే పద్ధతి) మాకొద్దని భారత బోర్డు ఏళ్ల తరబడి అంటే, అన్ని సిరీస్‌లకూ దాన్ని తప్పనిసరి చేయడం ఎవరివల్లా కాలేదు. 2016 చివర్లో ఇంగ్లండ్ సిరీస్‌కు మనవాళ్లు ప్రయోగంగా ఒప్పుకున్నాకే దారి తెరుచుకుంది. 2014లో భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా కలిసి అధికారం, ఆదాయం తమ చేతుల్లోకి వచ్చేలా నిబంధనలు మార్చుకున్నాయి. 2017లో అందులో చాలా భాగం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆదాయంలో పెద్ద ముక్క మాత్రం ఎప్పటిలాగే మనకే. ఏ పుస్తకంలోనూ మనకు వీటో లేదు. ఉందో లేదో మిగతా బోర్డులను అడిగి చూడండి.

కాబట్టి నేను చెప్పేది ఇది. నిబంధనల్లో రాసుకున్న వీటో, నిబంధనల బయట ఉన్న బలానికి రాతపూర్వక రూపం. రాతను కొట్టేస్తే బలం పోదు. ఇంకో చోటికి, చాలాసార్లు ఇంకా చీకటిగా ఉండే చోటికి మారుతుంది. అందుకని వీటో ఉండాలా వద్దా అన్న చర్చలో నాకు పెద్ద ఆసక్తి లేదు. దాన్ని వాడినవాడికి ఎంత ఖర్చవుతోంది అన్నదే నా ప్రశ్న.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో తేలిపోతుంది. చార్టర్‌ను సవరించాలంటే 108వ అధికరణం ప్రకారం మూడింట రెండొంతుల దేశాలు ఆమోదించాలి, వాటిలో ఆ అయిదూ ఉండాలి. వీటోను తీసేసే సవరణ మీద కూడా వీటో ఉందన్నమాట. పిల్లి మెడలో గంట కట్టడానికి పిల్లి అనుమతి కావాలి.

కానీ సవరణ లేకుండానే ఖర్చు పెంచొచ్చు. 2022 ఏప్రిల్ 26న లీక్టెన్‌స్టెయిన్ అనే చిన్న దేశం చొరవతో సర్వప్రతినిధి సభ ఒక తీర్మానం చేసింది. ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సర్వప్రతినిధి సభ సమావేశమై దాని మీద చర్చించాలి. వీటో వేసిన దేశం వచ్చి కారణం చెప్పుకోవాలని ఎవరూ బలవంతం చేయలేరు, కానీ దాని పేరు మీద సభ జరుగుతుంది, అందరూ దాని గురించే మాట్లాడతారు. ఇదేం శిక్ష అని నవ్వకండి. ఉత్తర కొరియా మీద రష్యా, చైనా వీటో వేసిన కొద్ది రోజులకే, ఆ జూన్‌లో మొదటి సభ జరిగితే రెండూ వచ్చి వివరణ ఇచ్చుకున్నాయి. 1950 నాటి "శాంతి కోసం ఐక్యత" తీర్మానం ఇంకో దారి. మండలి చేతులెత్తేస్తే సర్వప్రతినిధి సభ అత్యవసరంగా కూర్చోవచ్చు. 1956లో సూయజ్ కాలువ యుద్ధం మీద బ్రిటన్, ఫ్రాన్స్ వీటో వేస్తే ఈ దారిలోనే మొదటి ఐరాస అత్యవసర దళం పుట్టింది. 2022 ఫిబ్రవరి 27న ఉక్రెయిన్ విషయాన్ని ఇలాగే సర్వప్రతినిధి సభకు పంపారు. రష్యా కాదన్నా అది విధివిధానాల ఓటు కాబట్టి వీటో చెల్లలేదు. మార్చి 2న 141 దేశాలు రష్యాను తప్పుపట్టాయి, రష్యాతో కలిసి నిలబడ్డవి మరో నాలుగే. మన దేశం దూరంగా ఉంది. యుద్ధం ఆగలేదు, నిజమే. కానీ ఆ 141 అన్న అంకె తర్వాత చాలా చర్చల్లో, చాలా ఆంక్షల వెనక కనిపించింది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, బ్రిటన్, ఫ్రాన్స్ 1989 తర్వాత వీటో వాడలేదని. ఎందుకు? ఆ రెండింటికీ ఆ సీటు ఇంకా ఎందుకని ప్రపంచం అడుగుతూనే ఉంది. వాడిన ప్రతిసారీ ఆ ప్రశ్న గట్టిగా వినిపిస్తుంది. వాటికి ఖర్చు ఎక్కువ కాబట్టి వాడలేదు. సామూహిక హత్యాకాండలు జరుగుతున్నప్పుడు వీటో వేయబోమని స్వచ్ఛందంగా మాటిద్దామని ఫ్రాన్స్ మెక్సికోతో కలిసి ప్రతిపాదించింది కూడా ఇందుకే అని నా అనుమానం. అమెరికా, రష్యా, చైనా అలాంటి మాటేదీ ఇవ్వలేదు. గాజా మీద అమెరికా 2023 అక్టోబరు నుంచి వరసగా వీటోలు వేసింది, ఒక దశలో ఓటు 14-1కి చేరింది. మధ్యలో 2024 మార్చి 25న ఓటింగ్‌కు దూరంగా ఉండిపోతే కాల్పుల విరమణ తీర్మానం నెగ్గింది. నేల మీద దానివల్ల పెద్దగా మారిందేమీ లేదు. అయినా ఒంటరిగా చెయ్యెత్తడం ఎవరికీ సుఖంగా ఉండదని మాత్రం తెలిసింది.

నన్నడిగితే అన్నిటికంటే ముందు దుమ్ము దులపాల్సింది 27వ అధికరణంలో నిద్రపోతున్న ఒక ముక్కను. శాంతియుత పరిష్కారానికి సంబంధించిన నిర్ణయాల్లో, తగాదాలో భాగమైన దేశం ఓటు వేయకూడదని అక్కడ రాసే ఉంది. ఎవరూ పట్టించుకోరు. కొత్తగా ఏమీ రాయక్కర్లేదు, ఉన్నదాన్ని చదివితే చాలు.

ఇక మూడోది, మనకు వీటో. ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను. 1961లో గోవా, 1962లో కశ్మీర్, 1971 డిసెంబరులో మూడుసార్లు సోవియట్ వీటో మనల్ని కాపాడింది. అప్పుడు మనలో ఎవరూ వీటో అన్యాయం అనలేదు. మరుసటి ఏడాదే చైనా బంగ్లాదేశ్ సభ్యత్వాన్ని అడ్డుకుంటే అన్యాయం అన్నాం. 2014 జులైలో ఆహార ధాన్యాల నిల్వల కోసం మనం డబ్ల్యూటీవోలో ఒక ఒప్పందాన్ని ఆపాం. నా ఉద్దేశంలో ఆ డిమాండ్ సబబైనదే, నవంబరులో దానికి తాత్కాలికంగా పరిష్కారమూ దొరికింది. కానీ అవతలివాళ్లకు అది మోకాలడ్డటంలాగే కనిపించింది. మన చేతిలో ఉంటే హక్కు, పక్కవాడి చేతిలో ఉంటే అడ్డుపుల్ల.

శాశ్వత సభ్యత్వానికి భారత్‌కు అర్హత ఉంది, అది వేరే సంగతి. 2005లో బ్రెజిల్, జర్మనీ, జపాన్‌లతో కలిసి పెట్టిన ముసాయిదాలో కొత్త శాశ్వత సభ్యులు 15 ఏళ్ల తర్వాత సమీక్ష జరిగే దాకా వీటో వాడబోరని మనమే రాశాం. అది తెలివైన బేరం. ఆఫ్రికా దేశాలు వీటో సూత్రప్రాయంగా తప్పని, కానీ ఉన్నంతకాలం తమకూ కావాలని అంటాయి. న్యాయంగా చూస్తే వాళ్లనూ తప్పుపట్టలేం. కానీ అయిదు తాళాలున్న తలుపుకు ఇంకో ఆరు తాళాలు బిగిస్తే అది ఇంకా తక్కువసార్లు తెరుచుకుంటుంది. వీటో లేని శాశ్వత సీటు ఇస్తామంటే తీసుకోవాలన్నది నా అభిప్రాయం. దీనికి నా క్లాసులోనే ఏటా సగం మంది ఒప్పుకోరు.

ఇదంతా ఊరికే చరిత్రగా కాకుండా కళ్లారా చూడాలనుకుంటే సెక్రటరీ జనరల్ ఎంపికను గమనించండి. ఆంటోనియో గుటెరస్ రెండో పదవీకాలం 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఈ ఎంపికకు ముందు మండలి మూసిన తలుపుల వెనక అభిప్రాయ సేకరణ ఓట్లు పెడుతుంది. మొదట్లో కాగితాలన్నీ ఒకే రంగు. ఒక దశ దాటాక శాశ్వత సభ్యులకు వేరే రంగు కాగితం ఇస్తారు, 2016లో అది ఎరుపు. వద్దు అని రాసిన ఎర్ర కాగితం ఒక్కటి పడితే ఆ అభ్యర్థికి దాదాపు దారి మూసుకుపోయినట్టే. అది లాంఛనమైన ఓటు కాదు కాబట్టి వీటోల లెక్కలోకి రాదు. 2022 తీర్మానం చెప్పే పది రోజుల చర్చ దానికి వర్తించదు. ఆ కాగితం ఎవరిదో అధికారికంగా ఎవరూ చెప్పరు.